రూతు రంగులేసిన గాలిబొమ్మలు

ఆర్మూరు పసుపు యార్డులో డ్రమ్ము దగ్గర పనిచేసేవాళ్లను ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు. ఉడకబెట్టి ఎండబోసిన పసుపు కొమ్ములను ఆ ఇనుప డ్రమ్ములో పోసి తిప్పుతుంటే పైపొట్టు రాలిపోయి కొమ్ము నునుపు తేలుతుంది. రాలిన దుమ్మంతా తిప్పేవాడి మీదే వాలుతుంది. కనుబొమలు పసుపు, గోళ్ల సందులు పసుపు, తుడుచుకున్న చెమట కూడా పసుపే. ప్రభుదాసు పెళ్లి కాకముందు నుంచీ అదే పనిలో ఉన్నాడు. సాయంత్రం ఇల్లు చేరితే భార్య రూతు అతన్ని గడప దాటనిచ్చేది కాదు.

“ఆగాగు. నలుగువెట్టిన పెండ్లికొడుకు వచ్చిండు. దినాం నిన్ను చేసుకునుడు నాతోని గాదయ్యా,” అనేది.

“వేరే పిల్ల ఒప్పుకుంటలేదు, నేనేం జేతు?” అనేవాడు ప్రభుదాసు.

ఆ మాటలు అయ్యాకే వేణ్నీళ్ల బకెట్టు బయటికొచ్చేది.

వాళ్లకు పిల్లలు కలగలేదు. దాని గురించి ఎవరైనా జాలిగా మాట్లాడబోతే రూతు ఇంటి మీది పిట్టగోడ వైపు చెయ్యి చూపేది. “గదో, మా మంద అంత గక్కన్నే ఉన్నది. బువ్వ అడగరు, బట్టలడగరు. గాలి ఉంటె సాలు,” అని నవ్వేది.

పిట్టగోడ మీద వరసగా నిలబడి ఉండేవి గాలిబొమ్మలు. ఒక్కో బొమ్మకు ఒక చెక్క పంకా. గాలికి పంకా తిరిగితే, దానికి ఇరుసుగా పెట్టిన సైకిలు చక్రపు పుల్ల తిరుగుతుంది. ఆ పుల్లను నడుమ వంచి బొమ్మ చేతికి కట్టడంతో చెయ్యి పైకీ కిందికీ ఆడుతుంది. ఒకామె చేట పట్టి పసుపు చెరుగుతుంది. పోచంపాడ్ డ్యాము కింద చేపలు పట్టే మనిషి వల లాగుతూ వంగి లేస్తుంటాడు. బీడీలు చుట్టే ఆమె చేతులు రెండూ దగ్గరికొస్తాయి, దూరం జరుగుతాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, ఎప్పటికీ తెగని దుంగను రంపంతో కోస్తూనే ఉంటారు.

మొదటిది చేసినప్పుడు ప్రభుదాసుకు ఇదంతా మనసులో లేదు. జొన్నచేను కాపలా కాసే స్నేహితుడొకడు పిట్టలను బెదరగొట్టడానికి టపటప చప్పుడు చేసే పంకా చేసిమ్మన్నాడు. పండ్ల పెట్టెల చెక్కలతో రెండు చేసి ఒకటి అతనికిచ్చాడు. రెండోదానికి ఊరికే, చేతులు ఊరుకోక, చేట పట్టిన ఆడమనిషి ఆకారం కోసి తగిలించాడు. వాకిట్లో బీడీలు చుట్టుకుంటున్న రూతు చేట పక్కనబెట్టి వచ్చి చూసింది.

“మనిషైతె ఉన్నది గని మొఖమేదయ్యా? దేవుడు మట్టితోని జేసినోడు గూడ ఊకె వదిలిపెట్టలేదు, ఊపిరి ఊదిండు.”

“నాకు బొమ్మలు గీయ రాదు.”

“నాకొచ్చా?”

రాదు. అయినా మర్నాడు ఎవరి ఇంటి గేటుకో వేయగా మిగిలిన రంగు డబ్బాలు రెండు అడిగి తెచ్చుకుంది. వేపపుల్ల నమిలి కుంచె చేసుకుంది. సన్నటి గీతలకు, బీడీ మూతి మలిచే ఇనుప పుల్ల ఉండనే ఉంది. ఆ రోజు నుంచి చెక్క కోయడం అతనిది, రంగు వేయడం ఆమెది. ఎండాకాలం యార్డులో పని అయిపోయాక, పసుపు రాని నెలల్లో, ఆదివారం గుడి నుంచి వచ్చి అన్నం తిన్నాక ఇద్దరికీ అదే లోకం.

రూతు చెయ్యి చక్కటిదని చెప్పలేం. ఏ బొమ్మకూ రెండు కళ్లూ సమంగా ఉండేవి కావు, కుడి కన్ను ఎప్పుడూ పెద్దది. పెదవి గీత దాటి రంగు గడ్డం మీదికి జారేది. మగ బొమ్మల చొక్కాలకు కూడా తనకు తెలిసిన చీర అంచులే వేసేది. వల లాగేవాడికి వేసింది ఆమె పెళ్లి చీర అంచు. లారీ బొమ్మ వెనుక రంగు ఆరకముందే పట్టుకుంటే బొటనవేలి ముద్ర పడింది. “ఉండనీ, నంబరు ప్లేటు,” అంది. ప్రభుదాసు ఆ ముద్రను చెరపలేదు.

పోయిన ఏడాది వానల్లో రూతు చనిపోయింది. కడుపులో గడ్డ. నొప్పిని ఎన్నాళ్లు దాచుకుందో ఆమెకూ దేవుడికీ తెలియాలి. దవాఖానలో మంచం మీద ఉన్నప్పుడు కూడా, “గాలి మస్తుగొడుతుంది, మనోళ్లు ఆగమాగం ఆడుతుంటరు పైన,” అని కిటికీ వైపు చూసింది.

సమాధుల తోటకు తీసుకుపోయే రోజు స్టూడియో అతను ఫోటో పెద్దది చేసి తెచ్చాడు. మంచి మనసుతో, ఎవరూ అడగకుండానే, రూతును తెల్లగా చేశాడు. మెడలో గొలుసు వేశాడు, వెనుక నీలం పరదా పెట్టాడు. ప్రభుదాసు అతనికి దండం పెట్టి ఫోటో గోడకు తగిలించాడు. తరువాత ఎన్నిసార్లు చూసినా అందులో ఉన్నావిడ ఎవరో అతనికి తెలియలేదు. చీరలు ఆడబిడ్డలు పంచుకున్నారు, అది పద్ధతి. బీడీ చేట ఎవరికో పనికొచ్చింది. ఆమె రాయలేదు, పాట రికార్డు చేసుకోలేదు. ఆమె చెయ్యి ఈ లోకంలో ఇంకా మిగిలి ఉందంటే అది పిట్టగోడ మీది రంగుల్లోనే.

ఆ రంగులు పోతున్నాయి.

ఎండకు చొక్కాల అంచులు వెలిశాయి. వానకు పెచ్చులు లేచాయి. సాయంత్రం యార్డు నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ప్రభుదాసు మెట్లెక్కేవాడు. ఒక్కో బొమ్మ దగ్గరా నిలబడి, నిన్నటికి ఇవాళ్టికి ఎంత రాలిందో చూసేవాడు. ఒకసారి వల లాగేవాణ్ని విప్పి ఇంట్లో అర మీద పెట్టాడు. తెల్లారి లేచి చూస్తే, చెయ్యి పైకెత్తి ఆగిపోయిన ఆ బొమ్మ కదలని మనిషిలా కనిపించింది. పనికి పోయేముందే మళ్లీ పైకి తీసుకెళ్లి గాలికి నిలబెట్టాడు. ఆడిస్తే రంగు పోతుంది, దాచిపెడితే ప్రాణం పోతుంది. ఏం చేయాలో పాలుపోలేదు.

పక్కింటి రత్నవ్వ పెద్ద వయసు మనిషి, రూతుతో కలిసి బీడీలు చుట్టింది. వాళ్ల దేవుళ్లు వేరు, వాకిలి మాత్రం ఒకటే, నడుమ ఒక పొట్టి గోడ. వండిన కూర ఏదైనా ఒక గిన్నెలో పోసి గోడ మీద పెట్టేది. పిలిచేది కాదు. పిలిస్తే అతను వద్దంటాడని ఆమెకు తెలుసు. యార్డులో తోటి కూలీ గంగన్న డ్రమ్ము బరువు వైపు తాను నిలబడి ఇతన్ని తేలిక వైపు నిలబెట్టేవాడు. అడిగితే, “నాకు గీ దిక్కు ఎండ తగుల్తలేదు,” అనేవాడు. ఇంతమంది ఇన్ని విధాల చూసుకుంటున్నా ప్రభుదాసుకు లోపల ఏదీ అంటేది కాదు. ఆదివారం గుడిలో కూర్చునేవాడు, పాట దగ్గర పెదవులు కదిపేవాడు, గొంతు లేచేది కాదు.

చివరికి రంగుల దుకాణంలో అడిగితే వార్నిషు సంగతి చెప్పారు. రంగులేని వార్నిషు సన్నగా పూస్తే కింది రంగు ఉన్నది ఉన్నట్టు నిలుస్తుందని, ఎండా వానా లోపలికి దిగవని. ఒక డబ్బా తెచ్చి మంచం కింద పెట్టాడు. క్రిస్మస్‌కు ముందు ఎండ పొడిగా ఉన్న రోజు చూసి తానే పూయాలనుకున్నాడు. రూతు పోయాక అతను ఇష్టంగా తలపెట్టిన పని అదొక్కటే.

అంతలో దొంకేశ్వర్ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది.

“అన్నా, పానం మంచిగుంటలేదు. ఒక్కసారి వచ్చిపోరాదు?”

పోయాడు. చెల్లెలు గుండ్రాయిలా, ఏ జబ్బూ లేకుండా ఉంది. కోడి కోసి వండింది. తిరిగి బయల్దేరబోతే, “ఇంకొక్క పూట ఉండు,” అంది. మరో పూట ఉంటే, “పొద్దుగాల పోదువు,” అంది. చెల్లెలికి అన్న మీద ప్రేమ పొంగిందనుకున్నాడు, అంతకు మించి ఆలోచించలేదు.

మర్నాడు ఆర్మూరు బస్టాండులో దిగితే సంఘ పెద్ద దయానంద్ స్కూటరు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“వందనాలు తమ్మీ. ఎక్కు.”

“మీరెందుకొచ్చిండ్రు? నడిచొస్తుంటి గద.”

“గిటు పనుండి వచ్చిన. ఎక్కెక్కు, ఎక్కువ అడుగకు.”

వాడలోకి మలుపు తిరగగానే తడి సున్నం వాసన కొట్టింది. అప్పుడు ప్రభుదాసుకు తెలిసింది.

ఆ వాడ సంఘంలో ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లో మొదటి క్రిస్మస్‌కు సున్నం వేయరు, వెదురుకు నక్షత్రం కట్టరు. రెండో ఏడు ఆ ఇంటివాళ్లను వాళ్ల మానాన వదిలేస్తే మనసు రాక అట్లాగే ఉండిపోతారని, ఏదో వంకతో వాళ్లను ఊరు దాటించి, సంఘం వాళ్లే వచ్చి ఇల్లంతా కొత్తది చేసిపెడతారు. గోడలకు సున్నం, తలుపులకు రంగు, కప్పుకు మరమ్మతు. ఇంటి యజమాని తిరిగొచ్చి తన చేత్తో నక్షత్రం కట్టాలి. కాదనే మాట ఉండదు. ప్రభుదాసు తానే ఎన్నో ఇళ్లకు అట్లా సున్నం కొట్టాడు. అందుకని స్కూటరు మీద కూర్చునే, చాలా రోజుల తర్వాత, కొంచెం నవ్వాడు.

“మా చెల్లెకు నాటకం మీరే నేర్పిండ్రా?”

“మంచిగ జేసిందా?”

“కోడిని గూడ కోసింది పాపం.”

ఇంటి ముందు సంఘం వాళ్లంతా నిలబడి ఉన్నారు. గోడలు కళ్లు జిగేల్మనేంత తెల్లగా ఉన్నాయి. తలుపుకు నీలం రంగు. వాకిలి అద్దంలా ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి ఉంది. అందరూ గుట్టుగా నవ్వుకుంటున్నారు. గుంపు ముందు ఎస్తేరు నిలబడింది. సండే స్కూల్లో రూతు దగ్గర పాటలు నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరు. వేళ్ల నిండా రంగులు. కింది పెదవి పళ్ల కింద నొక్కిపట్టుకుని అతన్నే చూస్తోంది.

“మామా, పైకి చూడు,” అంది.

చూశాడు.

పిట్టగోడ మీద బొమ్మలన్నీ మెరుస్తున్నాయి. చేట పట్టిన ఆమెకు ఎర్రచీర, నిలువు చారలు, గీత గీసినట్టు. వల లాగేవాడికి నీలం చొక్కా, తెల్ల గుండీలు. బీడీలు చుట్టే ఆమె బుగ్గకు లేత రంగు. చాలా అందంగా ఉన్నాయి. కొత్త బొమ్మలు కొని తెచ్చినట్టున్నాయి.

ప్రభుదాసు స్కూటరు దిగబోయి ఆగిపోయాడు. స్కూటరు సీటు పట్టుకున్నాడు.

“మామా, ఎట్లున్నయి?”

“బిడ్డా... పాత రంగు?”

“అంత గీకిన మామా. పాతది గీకకుండ మీదికెల్లి వేస్తె నిలవది గద. బ్లేడుతోని గీకి, గరుకు కాగితం వట్టి, కట్టె తెల్లగ తేలినంక వేసిన. రెండు రోజులు పట్టింది. ఒక్క బొమ్మ గూడ ఇంకొకళ్లను ముట్టనియ్యలే.” సంతోషం పట్టలేక గబగబా చెప్పుకుపోయింది. “రూతత్త కండ్లు ఒకటి పెద్దగ ఒకటి చిన్నగ ఏసేది గద, గవి గూడ సమానం జేసిన. మంచం కింద వార్నిషు డబ్బా దొరికింది. నువ్వు గీ పనికే తెచ్చినవని అర్థమైంది. గదిగూడ కొట్టిన. ఇగ పదేండ్లు చెక్కుచెదరయి.”

పనితనం తెలియని చెయ్యి అయి ఉంటే, పాత రంగు మీదే కొత్తది పులిమి ఉంటే, ఎప్పటికైనా కిందిది బయటపడేది. ఎస్తేరు పని బాగా నేర్చిన పిల్ల. ఏమీ మిగల్చలేదు.

ఆ నిమిషంలో ప్రభుదాసుకు రామవ్వ గుర్తొచ్చింది. ఆమె భర్త పోయిన రెండో ఏడు, ఆ ఇంటికి సున్నం కొట్టింది తానే. పాను వేసుకునే ఆ మనిషి సున్నం వేలిని ఎప్పుడూ తలుపు పక్క గోడకే తుడిచేవాడు. గోడంతా తెల్లటి చుక్కలు, గీతలు. మురికిగా ఉందని వాటిని గీకి, రెండు పూతలు ఎక్కువ వేశాడు. తిరిగొచ్చిన రామవ్వ ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది. తరువాత, “సల్లగుండు కొడుకా,” అని చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఆమెకు సంతోషంతో అంతకు మించి మాట రాలేదనుకున్నాడు.

అందరూ అతని నోటి వైపే చూస్తున్నారు. ఆదివారం సెలవు మానుకుని వచ్చినవాళ్లు. మోకాళ్ల నొప్పితో సున్నం కలిపినవాళ్లు.

“మంచిగున్నయి బిడ్డా,” అన్నాడు. “మస్తుగున్నయి.”

ఎస్తేరు ఏడ్చేసింది. ఆడవాళ్లు ఆమెను పట్టుకుని తామూ కళ్లు తుడుచుకున్నారు. దయానంద్ వెదురు కర్ర అందించాడు. ప్రభుదాసు నక్షత్రం కట్టాడు. ముడి పడలేదు, దయానంద్ తన చెయ్యి వేసి బిగించాడు. ప్రార్థన జరిగింది. ఈ ఇంట్లో మళ్లీ వెలుగు నింపమని, ఒంటరి మనిషికి తోడుండమని దయానంద్ నిండుమనసుతో అడిగాడు. అందరూ ఆమెన్ అన్నారు. ప్రభుదాసు కూడా అన్నాడు. వాకిట్లోనే బంతి కూర్చుని తిన్నారు, అతని పళ్లెంలో ముక్కలు ఏరి ఏరి వేశారు. అతను తిన్నాడు. ఏం తిన్నాడో తెలియదు.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. అప్పుడు ప్రభుదాసు వాకిట్లో కూర్చుని నేల వెతకడం మొదలుపెట్టాడు. మెట్ల మూలల్లో, రత్నవ్వ తులసి కోట ఉన్న వైపు గోడ వార, నీళ్ల కాలువలో. ఒక్క పెచ్చు, గోరంత పెచ్చు. పైకెక్కి పిట్టగోడ పొడవునా మోకాళ్ల మీద పాకాడు. సున్నం చుక్కలు తప్ప ఏమీ లేవు.

కిందికి దిగి మళ్లీ కాలువ దగ్గర వంగితే, రత్నవ్వ గోడ మీదుగా చూసింది.

“ఏం దేవులాడుతున్నవ్ కొడుకా?”

“గీకిన పొట్టు ఏడవోసిండ్రు అవ్వా?”

“నేనే ఊడ్చిన. చెత్తబండి వచ్చింది గద పొద్దుగాల, అండ్ల పోసిన. ఏమన్న పోయిందా?”

రత్నవ్వ అతని మొఖం చూసింది, తలెత్తి బొమ్మలను చూసింది. చాలాసేపు చూసింది. నెమ్మదిగా ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

“అయ్యో... అయ్యయ్యో కొడుకా. దాని చెయ్యి పోయింది గదరా. నా ముంగటనే గీకుతుండె. చాయ్ గూడ పోసిన ఆ పిల్లకు. నాకెందుకు యాదికి రాకపాయె?”

“ఊకో అవ్వా.”

“నేనన్న అనాలె గద, ఉండనియ్యమని...”

“ఊకో. ఆ పిల్లకు చెప్పకు. నీకు దండం వెడుత, ఎవ్వలకు చెప్పకు.”

రత్నవ్వ కొంగు నోట్లో కుక్కుకుని, తల ఊపి లోపలికి పోయింది.

అతను ప్రార్థన చేయాలనుకున్నాడు. ప్రభువా అన్నాక మాట ముందుకు సాగలేదు. కోపం వచ్చినా బాగుండేది. ఎవరి మీద రావాలి? దేవుడిని అడుగుదామంటే, ఆయన పంపిన దయే ఇల్లంతా తెల్లగా మెరుస్తోంది. పైన గాలి లేచింది. బొమ్మలు కదిలిన చప్పుడైంది. ఇదివరకైతే ఏ చప్పుడు ఏ బొమ్మదో చెప్పగలిగేవాడు. ఇప్పుడు తలెత్తలేదు.

దీపాలు పెట్టే వేళకు ఎస్తేరు టిఫిన్ డబ్బాతో మళ్లీ వచ్చింది.

“మామా, రాత్రికి వండుకోకు. అమ్మ పంపింది.” డబ్బా అరుగు మీద పెట్టి, పోకుండా నిలబడింది. “మామా, ఒకటి అడుగుత. నేనేమన్న తప్పు జేసిన్నా?”

“గట్లెందుకు అడుగుతున్నవ్?”

“నువ్వు పైకి చూసినప్పుడు నీ మొఖం గట్లయింది. ఇంటికి పోయినంక గదే కనవడుతుంది.”

ప్రభుదాసు ఆ పిల్ల చేతులు చూశాడు. కిరోసిన్‌తో తోమి తోమి ఎర్రబడ్డాయి. గరుకు కాగితం ఒరుసుకుని వేళ్ల చివర్లు లేచిపోయాయి. రెండు రోజులు, ఒక్కతే.

“రూతు యాదికొచ్చింది బిడ్డా,” అన్నాడు. “అది చూస్తె ఎంత సంబురపడుతుండెనో అనిపించింది. గంతే.”

“నిజంగ?”

“నిజంగ.”

ఎస్తేరు మొఖం విప్పారింది. “కొత్తవి చెయ్యి మామా. నువ్వు కట్టె కొయ్యి, నేను రంగు వేస్త. అత్త లాగనే.”

“సరే తియ్యి.”

“తలుపుకు ఇంకో పూత ఉన్నది, రేపు పొద్దుగాల వచ్చి వేస్త. డబ్బ, కుంచె గీన్నే పెడుతున్న. పైలం, ఇంక తడిగనే ఉన్నది.”

ఆమె సందు మలుపు తిరిగేదాకా అతను అరుగు మీదే ఉన్నాడు. అబద్ధమాడి ఎరగని మనిషి. ఈ ఒక్క అబద్ధాన్ని ఇక బతికినంత కాలం కాపాడుకోవాలి. ప్రతి ఆదివారం గుడిలో ఆ పిల్ల ఎదురుపడుతుంది. ప్రతిసారీ మొఖం సరిచేసుకోవాలి. చేయగలడో లేదో తెలియదు.

లేచి తలుపు దగ్గరికి వెళ్లి, తడి సంగతి మరిచి దానికి చేత్తో ఆనుకున్నాడు. చెయ్యి తీయబోతే అంటుకుని వచ్చింది. తడి నీలం మీద ఐదు వేళ్లూ, అరచెయ్యీ దిగబడ్డాయి. చెయ్యి నిండా రంగు.

పొద్దున ఎస్తేరు వచ్చి చూస్తే మనసు నొచ్చుకుంటుంది. ప్రభుదాసు అరుగు మీది డబ్బా తెచ్చుకుని, కుంచె ముంచి, ఆ చేతి గుర్తు మీద పైనుంచి కిందికి, ఏమీ కనబడనంత వరకు, మెల్లగా పూసుకుంటూ పోయాడు.